మిట్టమధ్యాహ్నం నిద్రపోని కాపలా

"నూకల అన్నం. పంది ముక్క వద్దు. గుడ్లు రెండు," అన్నాడు ట్రాచ్.

కౌంటర్ వెనక ముసలావిడ తల ఎత్తలేదు. "గుడ్లయిపోయాయి. లోపల అడుగు."

అది జవాబు కోడ్. ఆ రోజు గుడ్లు నిజంగానే అయిపోయాయి. ట్రాచ్ పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. దేశం కోసం ప్రాణాలిస్తానని సంతకం పెట్టిన రోజున, ఆ ప్రాణానికి టిఫిను కూడా ఉండదని ఎవరూ చెప్పలేదు.

చేపల సాస్ పీపాల మధ్య నుంచి మెట్లెక్కాడు. సైగాన్‌లో ఏప్రిల్ ఎండకి రేకుల కప్పు పెనంలా కాలుతోంది. పై గదిలో కల్నల్ థాక్ ఫ్యాను కింద కూర్చుని ఉన్నాడు. ఫ్యాను ఆయన వైపే తిరుగుతోంది. నిఘా డిపార్ట్‌మెంట్‌లో ఫ్యాన్లు ఎప్పుడూ ర్యాంకుని బట్టే తిరుగుతాయి.

"కూర్చో. మోకాలెలా ఉంది?"

"ఉంది సార్."

"ఖియెమ్ అనే పేరు విన్నావా?"

"లేదు."

"మంచిది. ఇంజినీరు. డెబ్భై దాటాయి. ఎగువ దేశంలో కొత్త ఆనకట్ట కట్టినప్పుడు అక్కడ పనిచేశాడు. గోడలో పగులుంది. కళ్లారా చూశాడు. కట్టిన విదేశీ కంపెనీకి ఇప్పుడు ఆ పగులు కంటే ఆయన కళ్లే పెద్ద ఇబ్బంది. గురువారం నది ఒడ్డు దేశాల మీటింగు. అందులో ఆయన లేచి నోరు విప్పాలి. అందాకా బతికుండాలి."

"కాగితం మీద రాసిస్తే సరిపోదా?"

"కాగితం దొంగదంటారు. మనిషిని ఎదురుగా పెట్టుకుని ఆ మాట అనలేరు. గోడ కూలితే డెల్టా మొత్తం నీళ్ల కిందే. మీ అక్క ఊరు కూడా."

ట్రాచ్‌కి వాళ్లక్క కొబ్బరితోట గుర్తొచ్చింది. రిటైరయ్యాక అక్కడికే వెళ్లి పడుకోవాలని అతని ఆశ. జీవితంలో మిగిలిన ఆశ అదొక్కటే.

"కంపెనీ మనుషులు ఇప్పటికే ఊళ్లో ఉన్నారు," అన్నాడు కల్నల్. "వాళ్లకి మనం పెట్టుకున్న పేరు మేస్త్రీలు. ఎందరో తెలీదు, మొహాలు తెలీదు. ముసలాయన విల్లా గేటు దగ్గర మన యూనిఫారం నిలబెడితే, ఆయన ఇక్కడున్నాడని మనమే బోర్డు కట్టినట్టు. అందుకని ప్రైవేటు కాపలా. మీటింగు పెట్టే సంస్థ ఒక కంపెనీని చూసింది. పచ్చ కొంగ సెక్యూరిటీ. నమ్మొచ్చా లేదా, నువ్వు చెప్పాలి."

"వాళ్ల గురించి ఏం తెలుసు?"

"ఏమీ తెలీదు," అంది కిటికీ దగ్గరి గొంతు.

అప్పుడు చూశాడు ట్రాచ్ ఆమెని. డియెప్. సంస్థకీ డిపార్ట్‌మెంట్‌కీ మధ్య మాటలు మోసే రిస్క్ కన్సల్టెంట్. ఆకుపచ్చ సిల్కు ఆవ్‌జాయ్ గౌను, నల్ల కళ్లద్దాలు తల మీద. ఆ రేకుల గదిలో అందరికీ చెమటలు పోస్తుంటే, ఆమెకి మాత్రం ఎక్కడో ఏసీ నడుస్తున్నట్టుంది.

"కంపెనీ కొత్తది, అన్నా," అంది. "లైసెన్సుంది. వెబ్‌సైటుంది. ఇద్దరు క్లయింట్లు మెచ్చుకున్నారు. ఒక్క ఫిర్యాదు లేదు."

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా."

"అదే నాకు నచ్చలేదు. ఎవడూ తిట్టని సెక్యూరిటీ కంపెనీ ఈ ఊళ్లో ఉందా అమ్మాయ్? మా వీధి చివర కంపెనీ వాళ్లని కుక్కలు కూడా తిడతాయి."

డియెప్ నవ్వింది. నవ్వు బాగుంది. ట్రాచ్‌కి అలాంటి నవ్వులు చూసి చూసి విసుగొచ్చింది. అంత మంచి నవ్వు తనలాంటివాడికి ఊరికే రాదని ఈ వయసుకి తెలిసింది.

"ముసలాయన ఎలా వస్తున్నాడు సార్?"

కల్నల్ నిట్టూర్చాడు. "కారు పంపుతామన్నాం. కార్లో వాంతులట. డెల్టా నుంచి తన పాత హోండా బండి మీదే వస్తాడట."

"బండికి కాపలా అడిగాడా?"

"ముందు అదే అడిగాడు. తన సంగతి తర్వాత అడిగాడు."

కిందికి దిగేముందు టెక్నికల్ సెక్షన్ వాళ్లు పరికరాలిచ్చారు. చొక్కా గుండీలో కెమెరా. చెమట తగిలితే పనిచేయదట. ఒక పెన్ను. ఒకసారి నొక్కితే క్లియరెన్స్ ఇచ్చినట్టు, రెండుసార్లు నొక్కితే ప్రమాదం అన్నట్టు కల్నల్‌కి సిగ్నల్ పోతుంది.

"రాస్తుందా?" అడిగాడు ట్రాచ్.

"రాయదు సార్."

"పెన్ను కదా."

"రాయదు సార్."

*

వెబ్‌సైటులో కాపలావాళ్లు వరసగా నిలబడి నవ్వుతున్న ఫొటోలున్నాయి. పన్నెండు గంటల డ్యూటీలో అలా నవ్వేవాడిని ట్రాచ్ ఎన్నడూ చూడలేదు. మెచ్చుకున్న ఇద్దరు క్లయింట్లకీ ఫోన్ చేశాడు. ఒకటి మగ గొంతు, ఒకటి ఆడ గొంతు. మాట మాత్రం ఒకటే. "వారి సేవల పట్ల మేము పూర్తి సంతృప్తితో ఉన్నాము." కాపలావాడిని పెట్టుకున్నవాడు అలా మాట్లాడడు. 'పర్లేదులే, ఒకడు తాగుతాడు, మిగతా వాళ్లు మంచోళ్లే' అంటాడు. లైసెన్సు ఆఫీసుకి వెళ్తే, లైసెన్సు ఉందన్నారు. ఉందని తనకీ తెలుసు. ఆ కంపెనీ ఎవరిదని అడిగితే, అర్జీ పెట్టుకో, చూస్తామన్నారు.

ఎక్కడా ఏమీ దొరకనప్పుడు మిగిలేది ఒక్కటే. వెళ్లి చూడడం. పై వాళ్లకి ఈ పని నచ్చదు, ఎందుకంటే ఇందులో ప్రింటు తీయడానికేమీ ఉండదు.

పచ్చ కొంగ వాళ్లు కాపలా కాస్తున్న ఫర్నిచర్ షోరూము ఒకటుంది. ట్రాచ్ వెలిసిన టోపీ, చిరిగిన చెప్పులు, అరిగిన స్కూటరుతో ఎదురు మూల మీద బైకు టాక్సీవాడిగా చేరాడు. ఈ వేషానికి పెద్దగా కష్టపడలేదు. అద్దంలో చూసుకుంటే వేషం వేసిందే కనబడలేదు.

షోరూము పక్కన కాఫీ కొట్టు. దానికి వేరే కంపెనీ ముసలి కాపలావాడు. ఊత్ అంటారు. యూనిఫారం పైరెండు గుండీలు ఊడదీసి, కాళ్లకి రబ్బరు చెప్పులేసుకుని ఉన్నాడు. ట్రాచ్‌ని చూడగానే వచ్చాడు.

"ఏరా అబ్బాయ్, కొత్తగా ఉన్నావ్. ఈ మూల మా బావమరిదిది."

"ఊరెళ్లాడా బాబాయ్?"

"ఏ ఊరూ లేదు. పెళ్లాం తన్నింది. మొహం మీద వాపు తగ్గాక వస్తాడు. అందాకా నువ్వుండు."

ఊత్ ఐస్ టీ పోశాడు. ట్రాచ్ షోరూము గేటు వైపు గడ్డం ఎగరేశాడు. "వాళ్లెవరు?"

"ఎవడికి తెలుసు. పొద్దున వస్తారు, నిలబడతారు. టీ ఇస్తే థాంక్యూ అంటారు, తాగరు. లాటరీ టికెట్లావిడ వస్తే కొనరు, తిట్టరు కూడా. గాలి పంపు అడగరు, అగ్గిపెట్టె అడగరు. ఏదీ అడగరు."

"మంచోళ్లే కదా మరి."

"అలాంటి మంచోళ్ల పక్కన రోజంతా నిలబడి చూడు, తెలుస్తుంది. మా బావమరిది వెధవే, ఒప్పుకుంటా. కానీ వాడితో మాట్లాడొచ్చు."

ట్రాచ్ పొద్దంతా చూశాడు. పచ్చ కొంగ వాళ్లు నలుగురు. బూట్లు మెరుస్తున్నాయి. నడుం వంగదు. ఎవరైనా వస్తే ముందు చేతులు చూస్తారు, తర్వాత మొహం, తర్వాత ఎదురింటి డాబా. ఒక్కటి మాత్రం చూడరు. బళ్లు. ఈ ఊళ్లో కాపలా అంటేనే బళ్లు. వచ్చినవాడి బండి అందుకుని వరసలో పెట్టాలి, వెళ్లేవాడికి వెనక్కి లాగి ఇవ్వాలి. అది చేయనివాడిని ఏ యజమానీ ఒక్క పూట ఉంచుకోడు. ఇక్కడ మాత్రం ఒక గర్భిణి తన స్కూటరు తనే లాక్కుంటుంటే, పక్కనున్నవాడు ఆమె హ్యాండ్‌బ్యాగు వైపు చూస్తున్నాడు.

మధ్యాహ్నమైంది. వీధి వీధంతా కళ్లు మూసుకుంది. కొట్ల షట్టర్లు సగానికి దిగాయి. బ్యాంకులో లైట్లార్పి, గుమస్తాలు బల్లల కింద చాపలేసుకున్నారు. ఊత్ కొట్టు వెనక నుంచి పాల డబ్బాల అట్టముక్కలు చంకలో పెట్టుకొచ్చి, ఎండలో ఉన్న బళ్ల సీట్లన్నిటి మీదా ఒక్కొక్కటీ కప్పాడు.

"నీకూ ఒకటివ్వనా?"

"నా సీటు మీద నేనే ఉన్నాను కదా బాబాయ్," అన్నాడు ట్రాచ్, హ్యాండిల్ మీద తల, వెనక సీటు మీద కాళ్లు పెట్టి.

ఊత్ గేటుకీ కరెంటు స్తంభానికీ వల ఉయ్యాల కట్టుకుని ఎక్కాడు. ఎక్కుతూనే గురక.

పచ్చ కొంగ వాళ్లు నలుగురూ నిలబడే ఉన్నారు. ఆ ఎండలో, ఆ జీతానికి, కళ్లు మూయకుండా. ఆవలింత కూడా లేదు. కాసేపటికి షోరూములోంచి ఒకావిడ వచ్చి, తన బండెక్కి, చటుక్కున లేచి నిలబడింది. సీటు కాలింది. "కళ్లు లేవా మీకు? ఒక అట్టముక్క పడెయ్యలేరా?" అని తిట్టింది. పక్కనున్నవాడు డాబా వైపే చూస్తున్నాడు.

ట్రాచ్ రెండు విషయాలు మనసులో పెట్టుకున్నాడు. వీళ్లు నిద్రపోరు. వీళ్లకి బండి సీటు ఎండలో కాలుతుందన్న ఊసే లేదు. నిలబడడం ఎవడైనా నేర్పుతాడు. పడుకోవడం, సీటు కప్పడం ఎవరూ నేర్పరు. గేటు దగ్గర బతికితే వస్తాయి.

*

సాయంత్రం డియెప్ అతన్ని నది పక్క కాఫీ హోటలుకి పిలిచింది. మీగడ రంగు వెస్పా మీద వచ్చింది. నల్ల తోలు సీటు. హోటల్లో ఉన్న మగవాళ్లందరూ ముందు ఆమెని, తర్వాత బండిని, తర్వాత మళ్లీ ఆమెని చూశారు.

"కల్నల్‌గారికి నోట్ నేను రాయాలన్నా. నువ్వు చెప్పు, నేను రాస్తా. నీకెందుకా శ్రమ."

"వద్దని రాయి."

"కారణం?"

"మధ్యాహ్నం పడుకోరు."

ఆమె స్పూను ఆపింది. "అంతేనా?"

"అంతే అంటావేంటి? ఊరంతా పడుకున్నప్పుడు మేలుకుని ఉండే కాపలావాడు ఎవరి కోసం మేలుకున్నాడో అడగాలి."

"అన్నా, ఇది పట్టుకెళ్లి ఇస్తే కల్నల్ నన్ను చూసి నవ్వుతారు. నిద్రపోని కాపలావాళ్లు దొరికారంటే వేరే కంపెనీల వాళ్లు పార్టీ చేసుకుంటారు. ఇంకేమైనా ఉందా?"

ఉంది. రెండోది. చెబుదామని నోరు తెరిచాడు. ఆవలింత వచ్చింది. దవడ పట్టేసేంత పెద్ద ఆవలింత. పొద్దుటి నుంచి స్కూటరు మీద పడుకున్న నడుం, తగ్గని మోకాలు, నవ్వుతూ వినే పెద్దలు. మళ్లీ మొదటి నుంచి బళ్లూ అట్టలూ సీట్లూ అని వివరించాలంటే ప్రాణం ఉసూరుమంది.

"లేదులే," అన్నాడు.

"నీకు రెస్టు కావాలన్నా. సముద్రం ఒడ్డున ఒక పోస్టు ఖాళీగా ఉంది. నా మాట అక్కడ చెల్లుతుంది." ఆమె తన గ్లాసు అతని వైపు జరిపింది. ఆమె అత్తరు వాసన కాఫీ వాసనని కప్పేసింది. "ఆలోచించు."

ఆలోచించడానికి కూడా ఓపిక లేదు. ఇంటికెళ్లి పడుకున్నాడు.

*

మర్నాడు కల్నల్ ఫోన్ చేశాడు. "డియెప్ నోట్ చూశాను. కాపలావాళ్లు మరీ మెలకువగా ఉన్నారని కంప్లైంటా? నాతో పాతికేళ్లు పనిచేసి నువ్విచ్చే రిపోర్టు ఇదీ."

"అదే సార్."

"ముసలాయన పొద్దున్నే దిగాడు. వేరే దారి లేక పచ్చ కొంగ వాళ్లనే తాత్కాలికంగా గేటు దగ్గర పెట్టాం. మధ్యాహ్నం విల్లాకెళ్లి స్వయంగా చూడు. నమ్మొచ్చంటే పెన్ను ఒకసారి నొక్కు. కాదంటే రెండుసార్లు. చెప్పడానికి అదే చివరి అవకాశం. వ్యాను సందు చివర ఉంటుంది."

ట్రాచ్ అదే టోపీ, అదే స్కూటరుతో వెళ్లాడు. విల్లా ఉన్న సందు పూర్తిగా పడుకుని ఉంది. అరటికాయ బజ్జీలావిడ కూడా మూకుడు పక్కన పెట్టి, స్టూలు మీదే తల వాల్చింది. విల్లా ఎదుట ఎండలో బళ్ల వరస. చివర్న తుప్పు పట్టిన పాత హోండా ఒకటి, డెల్టా బురద ఇంకా వదల్లేదు. దాని పక్కన కాస్త ఎడంగా మీగడ రంగు వెస్పా.

గేటు లోపల పచ్చ కొంగ వాళ్లు నలుగురూ నాలుగు ఉయ్యాలల్లో పడుకుని ఉన్నారు. కళ్లు మూసుకుని.

ట్రాచ్ చాలాసేపు చూశాడు. ఒకడు గురక కూడా పెడుతున్నాడు.

నిన్న తను చెప్పింది తప్పా? ముసలాడైపోయాడు, ఇక అంతే. నలుగురు కుర్రాళ్ల పొట్ట కొట్టబోయాడు. మరీ కొత్త చోట నిద్ర పట్టక అలా నిలబడ్డారేమో. ఇప్పుడు పడుకున్నారు కదా, అచ్చం మనుషుల్లాగే. కాళ్లకి ఇంకా బూట్లున్నాయి, ఉంటే ఉన్నాయి.

జేబులోంచి పెన్ను తీశాడు. బొటనవేలు మీట మీద పెట్టాడు. ఒక్క నొక్కు నొక్కి ఇంటికెళ్లి పడుకోవచ్చు. నిలబడలేక, వెనక ఉన్న ఎవరిదో బండి మీద కూలబడ్డాడు.

మరుక్షణం లేచి నిలబడ్డాడు. తొడలు చుర్రుమన్నాయి.

వరస మొత్తం చూశాడు. నల్ల సీట్లన్నీ బోడిగా ఎండకి మెరుస్తున్నాయి. ఒక్క అట్టముక్క లేదు. పనివాళ్లవీ, గుమస్తాలవీ, ముసలాయనదీ, ఎవరిదీ కప్పలేదు.

అట్ట కప్పకుండా ఉయ్యాలెక్కే కాపలావాడు ఈ ఊళ్లో పుట్టలేదు. నిద్ర లేచి వచ్చిన ప్రతివాడూ వాడి ఉయ్యాల పట్టుకుని ఊపి తిడతాడు. వాడి నిద్రకి ఆ అట్టే కాపలా. వీళ్లకి ఎవరో పడుకోమని మాత్రం చెప్పారు. అట్ట సంగతి చెప్పలేదు.

ఎందుకంటే ఆ ఎవరికో, ట్రాచ్ కూడా చెప్పలేదు. నిద్ర సంగతి అతను ఒక్కరికే చెప్పాడు. నది పక్కన, కాఫీ గ్లాసు ముందు.

ఉయ్యాలల్లో ఉన్నది మేస్త్రీలే. వెస్పా ఇక్కడుంది. అంటే ఆమె లోపల ఉంది. ముసలాయనతో.

పెన్ను నొక్కాడు. ఒకసారి. మళ్లీ నొక్కాడు. మీట పైకి రాలేదు. చెమటకి లోపల స్ప్రింగు పట్టేసింది. అక్కడ సందు చివర కల్నల్‌కి ఒక్క సిగ్నలే అందింది. క్లియరెన్స్. వ్యాను స్టార్టయిన చప్పుడు వినిపించింది. వెళ్లిపోతున్న చప్పుడు. ఫోన్ చేసి అట్టముక్కల సంగతి వివరించే టైము లేదు.

*

లోపల గదిలో, గ్లాసు మీద పెట్టిన ఫిల్టర్లోంచి కాఫీ చుక్క చుక్కగా దిగుతోంది. అడుగున తియ్యటి పాలు తెల్లగా పేరుకుని ఉన్నాయి. ఆ పాలల్లో ఏం కలిసిందో డియెప్‌కి తెలుసు. ఈ వయసు మనిషికి గుండె ఆగిపోయిందంటే డాక్టరు కూడా మారు మాట అడగడు.

"మీ సైగాన్‌లో కాఫీ ఇంత నిదానమేంటమ్మా," అన్నాడు ఖియెమ్. బక్కపలచటి మనిషి, నీళ్లలో బతికిన కాళ్లు. "మా ఆనకట్ట గోడలోంచి నీళ్లు ఇంతకంటే తొందరగా కారేవి."

"తొందరేముంది తాతగారూ. రేపటిదాకా మీకు పనేమీ లేదు కదా."

ఆఖరి చుక్క పడింది. ఆమె ఫిల్టరు తీసి, స్పూనుతో అడుగు నుంచి కలిపి, గ్లాసు రెండు చేతుల్తో అందించింది. పెద్దలకి ఇచ్చే పద్ధతి. ఆయన అందుకున్నాడు. చల్లారడానికి ఊదాడు. గ్లాసు పెదాల దాకా వచ్చింది.

బయట ఒక గొంతు సందు చివరిదాకా చీల్చుకుంటూ వెళ్లింది.

"దొంగ. బండి దొంగ. పాత హోండా పట్టుకుపోతున్నాడు."

ఖియెమ్ గ్లాసు టేబులు మీద పెట్టాడు. పెట్టాడనడం కంటే వదిలేశాడనాలి. కాఫీ ఒలికింది. డియెప్ "తాతగారూ" అని చెయ్యి పట్టుకోబోయేసరికి, ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా గుమ్మం దాటేశాడు.

*

ట్రాచ్ మొదటి బండిని కాలితో తన్నాడు. మోకాలు ఏడ్చింది. బండి పక్కదాని మీద, అది దాని పక్కదాని మీద, ముసలాయన హోండా దాకా వరసగా పడుతూ వెళ్లాయి. అలారాలు ఒకదాని వెంట ఒకటి మొదలయ్యాయి. ఆపకుండా అరిచాడు.

ఈ ఊళ్లో ఇల్లు తగలబడుతోందంటే జనం కిటికీలోంచి చూస్తారు. బండి దొంగ అంటే చీపురుతో వస్తారు. అదీ మధ్యాహ్నం నిద్ర చెడగొట్టిన దొంగ. క్షణంలో సందు నిండిపోయింది. చెంప మీద దిండు ముడతలున్న గుమస్తా, లుంగీ సర్దుకుంటున్న మెకానిక్, గరిటెతో బజ్జీలావిడ.

"ఎవడు వాడు?"

"వాళ్లే," అన్నాడు ట్రాచ్, గేటు లోపలికి చూపిస్తూ. "పడుకున్నట్టు నాటకం. బళ్లు పడిపోతే ఒక్కడైనా ఇటు చూశాడా?"

నిజమే. ఇంత మోతలో నలుగురిలో ఒక్కడూ బళ్ల వైపు చూడలేదు. నలుగురూ ఇంటి గుమ్మం వైపు చూస్తున్నారు. నిజం కాపలావాడైతే ఈపాటికి బండి కింద ఉండేవాడు.

ముగ్గురు లేచారు. నాలుగోవాడు ఉయ్యాలలోంచి దిగడం చేతకాక, తిరగబడి, వలలో చేపలా చిక్కుకుపోయాడు. ఒకడు చొక్కా కిందికి చెయ్యి పోనిచ్చాడు. బజ్జీలావిడ ఆ మణికట్టు మీద గరిటెతో ఒక్కటిచ్చింది. పిస్తోలు రాళ్ల మీద పడింది.

జనం ఒక అడుగు వెనక్కేశారు. బండి దొంగ దగ్గర పిస్తోలు ఉండదని అందరికీ తెలుసు.

"అమ్మా, దాని మీద కాలు పెట్టు, తియ్యకు," అన్నాడు ట్రాచ్. "ఎవరైనా పోలీసులకి ఫోన్ చెయ్యండి. కాసేపు వాళ్లని కదలనివ్వకండి."

కదలనివ్వలేదు. నిద్ర చెడిన సందు అది. కొట్టిన దెబ్బల్లో దేశభక్తి పాలు చాలా తక్కువ.

ఇంతలో ఖియెమ్ వచ్చి, పడి ఉన్న హోండాని రెండు చేతుల్తో లేపుతున్నాడు. "అద్దం పోయింది," అన్నాడు. "ఎవడురా దీన్ని తన్నింది?"

ట్రాచ్ చుట్టూ చూశాడు. పక్క తలుపులోంచి డియెప్ బయటికొచ్చింది. పరుగెత్తలేదు. కళ్లద్దాలు పెట్టుకుని, పెళ్లికి వెళ్తున్నట్టు నడిచి, వరస చివర పడకుండా మిగిలిన వెస్పా దగ్గరికెళ్లింది. మోకాలు బాగుంటే ఆమెని అందుకునేవాడు. ఈ మోకాలితో అసాధ్యం. ఆమె తాళం పెట్టి, సిల్కు ఆవ్‌జాయ్ సర్దుకుని, నల్ల తోలు సీటు మీద కూర్చుంది.

కెవ్వుమని లేచింది.

పొద్దుటి నుంచి ఎండలో ఉన్న సీటది. ఆమె పెట్టిన కాపలావాళ్లే దాని మీద అట్ట కప్పలేదు. ఆమె మళ్లీ కూర్చునే ధైర్యం చేసేలోగా, ట్రాచ్ కుంటుకుంటూ వచ్చి తాళం పీకేశాడు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. దగ్గర్నుంచి చూస్తే ఆమె కూడా అలిసిపోయే ఉంది. రెండు వైపులా పనిచేసేవాళ్లకి సెలవులుండవు.

"నిద్ర సంగతి ఒక్కటే చెప్పావన్నా," అంది మెల్లిగా. "ఇంకేమీ లేదన్నావు."

"చెబుదామనే అనుకున్నానమ్మాయ్. ఆవలింత వచ్చింది."

*

గురువారం ఖియెమ్ మీటింగులో లేచి నిలబడి, తను చూసిన పగులు ఎక్కడుందో, అందులో చెయ్యి ఎంతవరకు పడుతుందో, తన చేతినే గాల్లో పెట్టి చూపించాడు. తర్వాత ఆనకట్ట నీళ్లు కిందికి దించాలని నిర్ణయించారు. ఆ పైన ఒక కమిటీ వేశారు. కమిటీలో ఫ్యాన్లు ఎవరి వైపు తిరుగుతాయో ట్రాచ్‌కి చెప్పక్కర్లేదు. అయినా నీళ్లంటూ దిగుతాయి. అక్క కొబ్బరితోట ఈ ఏడాదికి ఉంటుంది.

కల్నల్ పిలిపించాడు. "పచ్చ కొంగని నమ్మకూడదనడానికి కారణం పైవాళ్లకి ఏం చెప్పను? వెబ్‌సైటు దొంగదని చెప్పనా? క్లయింట్లు దొంగవాళ్లని చెప్పనా?"

"అట్టముక్క లేదని చెప్పండి సార్."

"నవ్వుతారు."

"మొన్న మీరూ నవ్వారు."

కల్నల్ ఫ్యానుని అతని వైపు తిప్పాడు. పాతికేళ్ల సర్వీసులో ట్రాచ్ అందుకున్న పతకం అదొక్కటే.

ముసలాయన ఊరెళ్లేదాకా విల్లాకి కొత్త కాపలా కావాల్సొచ్చింది. ట్రాచ్ ఎవరి వెబ్‌సైటూ చూడలేదు. కాఫీ కొట్టు దగ్గరికెళ్లి ఊత్‌ని అడిగాడు. ఊత్ వాళ్ల కంపెనీని నోరారా తిట్టి, యజమాని పిసినారి అని, సూపర్‌వైజరు దున్నపోతు అని చెప్పి, తన బావమరిదిని వెంటబెట్టుకుని వచ్చాడు. బావమరిది మొహం మీద వాపు ఇంకా పూర్తిగా తగ్గలేదు.

మధ్యాహ్నం కల్నల్ ఫోన్ చేశాడు. "గేటు దగ్గర పరిస్థితి ఎలా ఉంది?"

ట్రాచ్ తన స్కూటరు మీద పడుకునే తల తిప్పి చూశాడు. బళ్ల వరసంతా పాల డబ్బాల అట్టలు. అద్దం పోయిన హోండా మీద రెండు. గేటుకి అటొకటి ఇటొకటి ఉయ్యాలలు, రెండు శ్రుతుల గురక.

"చాలా పటిష్టంగా ఉంది సార్," అన్నాడు. "ఇద్దరూ నిద్రపోతున్నారు."